అవ్వ పెట్టెలో బిళ్ళలు: ఏది నాణెం, ఏది టోకెన్, ఏది ఉత్త ఇత్తడి?

పలమనేరు పిల్లోడు (కొత్త సభ్యుడు, చిత్తూరు)

అందరికీ నమస్కారం. పోయిన వారం కుప్పం దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి పోయినాం. ఇంటికి సున్నం కొట్టిస్తూ అటక మీది పాత ట్రంకు పెట్టె దించినాం. అందులో ఒక మందుల డబ్బా, డబ్బాలో గుడ్డ మూట, మూటలో ఇవి ఉన్నాయి:

1. పసుపు రంగు పెద్ద బిళ్ళ. ఒక పక్క రాముల వారి పట్టాభిషేకం. ఇంకో పక్క ఇంగ్లీషులో ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818.
2. రాగి బిళ్ళ, బాగా అరిగింది. రెండు సింహాలు, మధ్యలో డాలు లాంటిది, కింద 1808. వెనక ఉర్దూ లాంటి రాత, దాని కింద రోమన్ అంకెల్లో రెండు ఎక్స్‌లు.
3. 1835 క్వార్టర్ అణాలు నాలుగు.
4. గుండ్రటి ఇత్తడి బిళ్ళ, పైన చిల్లు. 2147 అని నంబరు కొట్టి ఉంది. నంబరు పైన ఒక ఇంగ్లీషు అక్షరం, అరిగిపోయింది. ఓ కావచ్చు, సి కావచ్చు. వెనక ఏమీ లేదు.

మొదటి దానికి వాట్సాప్‌లో ఒకాయన ఏడు లక్షలు ఇస్తామంటున్నాడు. ముందు రిజిస్ట్రేషన్‌కు 2,999 రూపాయలు పంపమంటున్నాడు. నిజమేనా? రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది. నాలుగోది ఏందో ఇంట్లో ఎవరికీ తెలీదు. బ్రిటిష్ వాళ్ళ కాలం ట్రేడ్ టోకెన్ అని మా బావ అంటున్నాడు.

రాత్రి షిఫ్టు

తిరుపతిలో టోకెన్ అంటే మాకు తెలిసింది ఒకటే తమ్ముడూ. తెల్లవారుజామున లైన్లో నిలబడి తెచ్చుకునేది. :)

2,999 మాత్రం పంపొద్దు.

బిళ్ళబంట్రోతు (సీనియర్ సభ్యుడు, తిరుపతి)

పంపొద్దు, పంపొద్దు, పంపొద్దు. కొనేవాడు నీకు డబ్బిస్తాడు గాని నిన్ను డబ్బడుగుతాడా నాయనా? తర్వాత జీఎస్టీ అంటాడు, రిజర్వ్ బ్యాంకు సర్టిఫికెట్ అంటాడు. రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది: పాత నాణేలు, నోట్ల లావాదేవీలతో తమకు సంబంధం లేదు, తమ పేరుతో ఎవరూ ఫీజులు వసూలు చేయడానికి అనుమతి లేదు అని. ఆ నంబరు బ్లాక్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పు.

ఇక ఒకటో నంబరు. బాధపడొద్దు, అది నాణెం కాదు. కంపెనీ ఎప్పుడూ వేయని నాణెం. మన పక్క పూజగదుల్లో, పెళ్ళిళ్ళలో తట్టలో పెట్టే రామటెంకీ జాతి. పట్టాభిషేకం, హనుమంతుడు, అష్టలక్ష్మి, శివపార్వతులు, ఎవరి బొమ్మయినా దొరుకుతుంది. సంవత్సరాలు కూడా చూడు, ఎంత ముద్దుగా ఉంటాయో: 1616, 1717, 1818. కొన్నింటి మీద 'యూకేఎల్ వన్ అణా' అని ఉంటుంది. ఆ మూడక్షరాలు చూడగానే పక్కన పెట్టేయొచ్చు. కంపెనీ రాజ్యమంతటికీ ఒకే రకంగా, సింహాల డాలు బొమ్మతో, ఇంగ్లీషులో అణా అని రాసిన నాణేల వరస 1835లో మొదలైంది. అంతకు ముందు కంపెనీకి బెంగాల్‌లో ఒక లెక్క, బొంబాయిలో ఒకటి, మన మద్రాసులో మరొకటి. 1818 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో లెక్క వరహాలు, పణాలు, కాసుల్లో నడిచింది.

కంపెనీ వాళ్ళు దేవుళ్ళ బొమ్మలతో నాణేలు వేయనే లేదు, అది గుర్తుపెట్టుకో చాలు.

చంద్రగిరి కోట (సీనియర్ సభ్యుడు, చంద్రగిరి)

అన్నా, కడపటి వాక్యం ఒప్పుకోను. తిరుపతిలో కూర్చుని ఆ మాట అంటే స్వామివారే నవ్వుతారు.

మద్రాసు టంకశాలలో కంపెనీ వేసిన బంగారు వరహాల్లో 'త్రిస్వామి' రకం ఉంది. నడుమ వేంకటేశ్వరస్వామి, అటూ ఇటూ శ్రీదేవి, భూదేవి. చిటికెన వేలి గోరంత బిళ్ళ, బరువు సుమారు 3.4 గ్రాములు. వెనక అంతా చిన్న చిన్న చుక్కలు. చుక్కల మధ్య నక్షత్రం ఉండేది వేరే రకం, స్టార్ పగోడా అంటారు (వరహానే ఇంగ్లీషువాళ్ళు పగోడా అనేవాళ్ళు), దాని మీద విష్ణుమూర్తి. 1807, 1808 ప్రాంతంలో వేసిన వెండి అర పగోడా చూడండి. ఒక పక్క గోపురం, ఇంకో పక్క నక్షత్రాల నడుమ విష్ణువు, చుట్టూ ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు. కంపెనీ నాణెం మీద తెలుగు అక్షరాలు ఉన్నాయంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

ఎందుకు వేశారంటే భక్తితో కాదు. ఈ ప్రాంతంలో విజయనగరం కాలం నుంచి వరహా అంటే దేవుడి బొమ్మ ఉండాల్సిందే. అది లేకపోతే షరాబు ముట్టడు. మా చంద్రగిరి నుంచి పాలించిన వేంకటపతి రాయలు తన వరహాల మీద 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని వేయించాడు. ఆ అచ్చుకే జనం అలవాటు పడ్డారు, కంపెనీ దాన్నే పట్టుకుంది.

కాబట్టి దేవుడి బొమ్మ ఉందని దొంగది అనకూడదు. అణా అని ఇంగ్లీషులో, 1818 అని, పట్టాభిషేకంతో, ఇత్తడిలో, అరచేతిలో సగం ఉంది కాబట్టి దొంగది అనాలి.

బిళ్ళబంట్రోతు

ఒప్పుకున్నాను. పెద్దనోరు చేసుకుని రాసేశాను. త్రిస్వామి వరహా సంగతి మర్చిపోవడం తిరుపతోడికి తగని పని.

రాత్రి షిఫ్టు

ఈ పట్టాభిషేకం బిళ్ళే కదా అన్నా, బియ్యాన్ని లాగుతుంది, రైస్ పుల్లింగ్, ఇరిడియం అని చెప్పి మోసం చేసేది? మా వీధిలో ఒకాయన ఎకరా పొలం అమ్ముకున్నాడు దీని వెనక పడి.

బిళ్ళబంట్రోతు

అదే. బియ్యం గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, బిళ్ళ కింద అయస్కాంతం పెడతారు. ఇంకేం లేదు. ఇరిడియం అయితే నీటికి 22 రెట్లకు పైగా బరువు తూగాలి, ఇత్తడి ఎనిమిదిన్నర దగ్గరే ఆగిపోతుంది. తూకం వేస్తే ఆ కథ అక్కడికి సరి. కానీ తూకం వేయనివ్వరు కదా, 'పవర్ పోతుంది' అంటారు.

పిల్లోడా, నీ నాలుగు రకాలూ తూకం వేసి రాయి. అంగుళాలు వద్దు, మిల్లీమీటర్లలో కొలువు. నాలుగోదానికి అయస్కాంతం పెట్టి చూడు.

కాసులపేరు (సభ్యురాలు, తిరుపతి)

మాది నగల అంగడి, అందుకని చెబుతున్నా. వంటింటి త్రాసు పనికిరాదు. గ్రాములో వందో వంతు చూపించేది కావాలి, ఏ బంగారం అంగడిలో అడిగినా ఒక నిమిషం పని. నీటి తూకం కూడా అక్కడే చూసుకో:

త్రాసు మీద సగం నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయాలి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అడుగు తగలకూడదు, గోడ తగలకూడదు, బుడగలు ఉండకూడదు. అప్పుడు త్రాసు ఒక అంకె చూపిస్తుంది. మామూలు బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. రాగి 8.9 దగ్గర, ఇత్తడి 8.4 నుంచి 8.7, వెండి 10.5 దగ్గర, సీసం 11.3. జింకు అయితే ఏడు పైన.

దండం పెట్టి చెబుతున్నా, ఏదీ తోమొద్దు.

పలమనేరు పిల్లోడు

అక్కా, ఆలస్యమైంది. మా చెల్లెలు 1835 అణాల్లో రెండు చింతపండు పెట్టి తోమేసింది. ఇప్పుడు కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరుస్తున్నాయి. బాగున్నాయి కదా అని నేనూ అనుకున్నా. :(

కాసులపేరు

అయ్యో తల్లీ.

ఇత్తడి సామాన్లకు అది బాగుంటుంది. నాణెం మీద వందేళ్ళుగా పట్టిన ముదురు గోధుమ రంగు దాని చర్మం. ఒలిచేస్తే మళ్ళీ రాదు. నాలుగేళ్ళు వదిలేస్తే నల్లబడుతుంది గాని అది వేరే నలుపు, చూసేవాడికి తెలిసిపోతుంది. నయం, తోమింది మామూలు వాటిని. మిగతావి కాగితం కవర్లో విడివిడిగా పెట్టు, పీవీసీ ప్లాస్టిక్ పర్సులో వద్దు. అది పచ్చగా జిగురు పట్టిస్తుంది.

బిళ్ళబంట్రోతు

1835 క్వార్టర్ అణాలు లెక్కలేనన్ని వేశారు. అచ్చు మీద ఆ సంవత్సరం అలాగే ఉంచి తర్వాత చాలా ఏళ్ళు వేస్తూ పోయారు. బరువు 6.47 గ్రాములు ఉండాలి. సాదా వాటిని నేను గాంధీ రోడ్డులో వంద, నూట యాభైకి కొన్నాను. మెరుపు చావని, గీత లేని ముక్క అయితే అది వేరే బేరం. మీ చెల్లెల్ని తిట్టకు.

పలమనేరు పిల్లోడు

ఈరోజు చిత్తూరులో మాకు తెలిసిన బంగారం అంగడికి పోయినా. ఆయన మొదట నవ్వినాడు, తర్వాత ఆయనకే సరదా పుట్టింది. గంటసేపు ఇద్దరం దారాలు కట్టుకుంటా కూర్చున్నాం. లెక్కలు:

పట్టాభిషేకం బిళ్ళ: 11.40 గ్రాములు. నీళ్ళలో 1.36. అంటే 8.38.

సింహాల రాగి బిళ్ళ: 9.21 గ్రాములు, అడ్డం 31 మి.మీ. నీళ్ళలో 1.04. అంటే 8.86.

నంబరు బిళ్ళ: 12.75 గ్రాములు, అడ్డం 38 మి.మీ. నీళ్ళలో 1.50. అంటే 8.50. అయస్కాంతానికి అంటుకోలేదు.

పట్టాభిషేకం అంచును భూతద్దంలో చూపించినాడు ఆయన. చుట్టూ సన్నటి గీత, దాని మీద ఆకురాయి గుర్తులు. అక్షరాలు కరిగిన సబ్బు మీద రాసినట్టు ఉన్నాయి.

బిళ్ళబంట్రోతు

శభాష్. గీత అంటే రెండు ముక్కల అచ్చులో పోత పోసి, అతుకు దగ్గర రాకినారు. టంకశాల నాణేన్ని ముద్రతో కొడతారు, పోత పోయరు. ఏడు లక్షల కథ అయిపోయింది, దాన్ని పూజలో పెట్టుకోండి.

రెండోది మాత్రం అచ్చమైన సరుకు. అది 20 కాసులు. వెనక ఉన్నది ఉర్దూ కాదు, పారసీ: 'బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్', ఇరవై కాసులు నాలుగు ఫలూసులు (రాగి చిల్లర) అని. కింద రెండు ఎక్స్‌లు అంటే ఇరవై. మనకోసం బర్మింగ్‌హాం పక్కన సోహోలో ఆవిరి యంత్రాల మీద కొట్టి ఓడల్లో పంపించేవాళ్ళు. మద్రాసు లెక్క: వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. అంటే ఇది పావు పణం.

దీని వెనక ఓడ కథ ఒకటుంది. 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే కంపెనీ ఓడ ఇవే 10, 20 కాసుల నాణేలు టన్నుల కొద్దీ వేసుకుని మద్రాసుకు బయలుదేరి, 1809 జనవరిలో ఇంగ్లండు దాటకుండానే కెంట్ తీరంలో గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగింది. 1980లలో మునకగాళ్ళు వాటిని పైకి తెచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతా అవే తిరుగుతున్నాయి. అందుకే 1808 ఇరవై కాసులకు వయసుకు తగ్గ ధర రాదు. 200 ఏళ్ళ నాణెం కదా, లక్షలు రావాలి కదా అని అడుగుతుంటారు. ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, ఎంత బాగా ఉంది, ఇవే లెక్క. వయసు కాదు.

చంద్రగిరి కోట

ఈ ముక్క ఓడది కాదని మాత్రం చెప్పొచ్చు. ఓడవి ఉప్పునీళ్ళు తిని గుంటలు పడి ఉంటాయి, లేదా పీపా లోపల ఉండిపోయి అరక్కుండా ఉంటాయి. ఇది సింహాల మూతులు, డాలు నడిమి భాగం అరిగి నున్నగా ఉంది. అంటే చేతులు మారింది. మద్రాసులో దిగి, ఉత్తర ఆర్కాటు (అప్పటి మన జిల్లా) సంతల్లో తిరిగి, ఏదో ఒక రోజు ఆ మందుల డబ్బాలో ఆగిపోయింది. నాకైతే ఓడ నాణెం కంటే ఇదే ముద్దు.

అప్పటికి తిరుమల కొండ ఆదాయం కూడా కంపెనీ లెక్కల్లోనే ఉంది. 1801 నుంచి 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేదాకా ఉత్తర ఆర్కాటు కలెక్టరుదే అజమాయిషీ. ఈ కాసులు హుండీలోనూ పడే ఉంటాయి.

మెల్‌బోర్న్ మామ (సభ్యుడు)

మా సొంతూరు పుత్తూరు, ఇప్పుడు ఆస్ట్రేలియా. ట్రేడ్ టోకెన్ అనే మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఇక్కడ 1849లో ఆనండ్, స్మిత్ అండ్ కంపెనీ అని మెల్‌బోర్న్ కిరాణా వర్తకులు సొంత పెన్నీ టోకెన్లు వేయించారు. ప్రభుత్వం రాగి చిల్లర చాలినంత తేలేదు. చూసి ఇంకో అంగడి వాడు, ఇంకొకడు. టీ అమ్మేవాడి పేరు, బట్టలమ్మేవాడి పేరు, అడ్రసుతో సహా. చిల్లరా అయింది, అడ్వర్టయిజ్‌మెంటూ అయింది.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, రూపాయి చిల్లర లేదని అంగడివాడు చేతిలో చాక్లెట్ పెడతాడే, ఆ చాక్లెట్ మీద అంగడి పేరు కొట్టించి, రేపు మళ్ళీ తెస్తే రూపాయికి తీసుకుంటే అది ట్రేడ్ టోకెన్.

పిల్లోడూ, ఆ 20 కాసులు నాకు అమ్ముతావా? పోస్టులో పంపు, మంచి ధర ఇస్తా.

అడ్మిన్

మామా, ఆగండి. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. సొంతానికి దాన్ని దేశం దాటించడం నేరం. పోస్టులో పంపినా నేరమే. వ్యాపారంగా అమ్మాలన్నా లైసెన్సు కావాలి. ఇలాంటి బేరాలు ఇక్కడ పెట్టొద్దు.

అందరికీ ఇంకో మాట. నేల తవ్వితే దొరికిన నిధి అయితే 1878 చట్టం వర్తిస్తుంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. అటక మీద అవ్వ పెట్టె దానికిందికి రాదు, కంగారు పడకండి.

మెల్‌బోర్న్ మామ

తెలీక అన్నాను, క్షమించాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్ళతో చూసిపోతా.

పాకాల జంక్షన్ (సభ్యుడు, రైల్వే రిటైర్డ్)

నాలుగో బిళ్ళ సంగతి ఎవరూ చెప్పడం లేదే. నా ఓటు రైల్వేకి. మా నాయన వర్క్‌షాపులో పనిచేసేటప్పుడు ఇలాంటిదే ఉండేది. పొద్దున గేటు దగ్గర బోర్డు నుంచి తన నంబరు బిళ్ళ తీసి పెట్టెలో వేయాలి. కూత కూశాక పెట్టె మూసేస్తారు. బిళ్ళ బోర్డు మీదే ఉండిపోతే ఆ పూట కూలి లేదు. జీతం రోజున ఆ బిళ్ళ చూపిస్తేనే డబ్బు చేతికొచ్చేది. చదువు రానివాడికి అదే సంతకం.

బిళ్ళబంట్రోతు

అయ్యుండొచ్చు సార్. కానీ రైల్వే బిళ్ళల మీద కంపెనీ అక్షరాలు వేస్తారు కదా, మన పక్క అయితే ఎస్ఐఆర్ (సౌత్ ఇండియన్ రైల్వే) అనో, ఎంఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) అనో. ఇక్కడ ఉన్నది ఒకే అక్షరం.

నేను చూసే పద్ధతి చెబుతా. బిళ్ళ మీద విలువ రాసి ఉందా, నంబరు కొట్టి ఉందా? విలువ ఉంటే చెల్లింపు బిళ్ళ, ట్రేడ్ టోకెన్ వైపు పోవాలి. నంబరు ఉంటే మనిషి బిళ్ళ. నంబరు కొట్టిన తీరు కూడా చూడాలి. అంకెలు నాలుగూ ఒకే వరసలో ఉంటే అచ్చుతో వేసినట్టు, ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కొక్క అంకె ఉలిని సుత్తితో కొట్టినట్టు.

చెల్లింపు బిళ్ళంటే ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తా. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోక ముందు అక్కడ ఒక పాత సామాన్ల అంగడిలో కొన్నది. సిలోను (ఇప్పటి శ్రీలంక) కాఫీ మిల్లు టోకెన్. నాలుగున్నర పెన్నీలు అని ఉంది. ఏంటీ నాలుగున్నర అని నెత్తి కొట్టుకున్నాను. తర్వాత వెలిగింది. అప్పట్లో రూపాయికి రెండు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు. అందులో నాలుగున్నర అంటే సరిగ్గా మూడు అణాలు. సిలోనులో 1872లో పెన్నీల లెక్క తీసేసి రూపాయికి వంద సెంట్లు పెట్టాక అదే కూలి 18.75 సెంట్లయింది. అందుకే తర్వాతి టోకెన్ల మీద 19 సెంట్లు అని కనిపిస్తుంది. సంవత్సరం వేయకపోయినా ఆ అంకె చూసి 1872కి ముందా వెనకా అని చెప్పేయొచ్చు. ఇలాంటివే నిజంగా ధర పలికేవి. మిల్లు పేరు, ఊరు, విలువ మూడూ ఉండాలి.

చంద్రగిరి కోట

సిలోను అంటే గుర్తొచ్చింది. నంబరు బిళ్ళ 'టిన్ టికెట్' అయ్యే అవకాశం ఉందా? 1900ల మొదట్లో ఇక్కడి నుంచి తేయాకు తోటలకు కూలీలను తోలుకుపోయేటప్పుడు కంగాణీలు (కూలీల మేస్త్రీలు) తోట గుర్తు, నంబరు కొట్టిన తగరపు బిళ్ళలు ఇచ్చేవారు. దారం కట్టి మెడలో వేసుకునేవారు. ఆ బిళ్ళ ఉంటే దారి ఖర్చు తోట ఖాతాలో పడేది. ఉత్తర ఆర్కాటు నుంచి చాలామంది పోయారు. చిల్లు కూడా ఉంది కదా!

కాసులపేరు

సాంద్రత 8.5 అన్నా. తగరపు రేకు అంటే లోపల ఇనుము, అయస్కాంతం పట్టుకోవాలి. ఈపాటికి తుప్పు కూడా తినేసేది. ఇది దళసరి ఇత్తడి.

చంద్రగిరి కోట

నీళ్ళ గ్లాసుతో నా కథంతా కొట్టేశావు చెల్లెమ్మా. సరే.

పాకాల జంక్షన్

కుప్పం దగ్గర ఊరంటున్నాడు. కుప్పం నుంచి కోలారు బంగారు గనులు ఎంత దూరం? మా కాలంలో ఆ పల్లెల్లో ఇంటికొక మనిషి గనుల్లో ఉండేవాడు. పిల్లోడా, మీ అవ్వను ఒక మాట అడగరాదా?

రాత్రి షిఫ్టు

ఇరవైకి పైగా పోస్టులయ్యాక 'అవ్వనడుగు' అని ఇప్పుడు గుర్తొచ్చిందా పెద్దమనుషులకు!

పలమనేరు పిల్లోడు

అడిగినా సార్. ఆదివారం బైకులో పోయి చూపించినా. అవ్వకు కళ్ళు సరిగా ఆనవు, 84 ఏళ్ళు. బిళ్ళ చేతిలో పెడితే బొటనవేలితో అంకెల మీద తడిమింది. నేను చెప్పకుండానే "రెండువేల నూట నలభై ఏడు" అనింది. ఆమెకు చదువు రాదు.

మా తాత నంబరంట అది. కోలారు గనుల్లో ఉరిగాం అనే గనిలో పని చేసినాడంట, పెళ్ళయిన కొత్తలో కూడా. మాకెవరికీ తెలీదు, మేము పుట్టేసరికే తాత లేడు. దిగేముందు దీపాలిచ్చే గదిలో బిళ్ళ ఇస్తే దీపం ఇస్తారంట. పైకొచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ళ తిరిగి ఇస్తారంట. ఒకసారి లోపల రాళ్ళు పేలినాయని ఊర్లో తెలిసి ఆడోళ్ళందరూ గేటు దగ్గరికి ఉరికినారంట. పేర్లు ఎవరూ చెప్పలేదు, నంబర్లే పిలిచినారంట. ఈమె అప్పుడే ఆ నంబరు నేర్చుకునింది. తాత ఆ రోజు రాత్రి షిఫ్టు, గనిలోకి దిగనే లేదు, ఊర్లో పడుకొని ఉన్నాడు. "నాకేం తెలుసు, నేను పొలం నుంచి అట్నే ఉరికినా" అని ఇప్పుడు నవ్వుతాది.

సార్, ఇది బ్రిటిష్ వాళ్ళ కాలందేనా మరి?

పాకాల జంక్షన్

బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అదే లెక్క వాళ్ళది.

నా రైల్వే ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

బిళ్ళబంట్రోతు

ఉరిగాం అంటే ఇంగ్లీషులో ఓ అక్షరంతో మొదలవుతుంది. నువ్వు మొదటే అన్నావు, ఓ కావచ్చు అని. ఆ ఒక్క అక్షరంతో తేల్చేయలేం గాని, అవ్వ మాటా, ఊరూ, లోహమూ, చిల్లూ అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

కాలం సంగతి: అవ్వకు 84 అంటే పెళ్ళి 1950ల చివర. ఆ గనులు 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ చేతిలో నడిచాయి, 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది. మీ తాత అంతకు ముందే చేరి ఉంటే ఇంగ్లీషు కంపెనీ ఇచ్చిన బిళ్ళ. తర్వాత చేరినా, పోయినోడి పాత బిళ్ళే మళ్ళీ కొత్తవాడికి ఇచ్చి ఉండొచ్చు, నంబరు ఉన్న బిళ్ళను ఎవరూ పారేయరు. ట్రేడ్ టోకెన్ మాత్రం కాదు, మీ బావకు చెప్పు.

ధర అడుగుతావు కాబట్టి చెప్పేస్తున్నా. పేరూ ఊరూ లేని నంబరు బిళ్ళను అంగడివాడు ఇత్తడి కింద తూకానికి తీసుకుంటాడు. టోకెన్లు పోగుచేసేవాడు అయితే వందల్లో ఇస్తాడు. ఇప్పుడు నువ్వు రాసిన ఈ నాలుగు ముక్కలు అవ్వ పేరుతో, తేదీతో కాగితం మీద రాసి బిళ్ళతో పాటు పెడితే ఎక్కువే ఇస్తాడు. అమ్మమని కాదు, రాసి పెట్టమని.

కాసులపేరు

తాత బిళ్ళ తిరిగి ఇవ్వకుండా ఇంటికి ఎట్ల తెచ్చుకున్నాడో అడిగినావా?

పలమనేరు పిల్లోడు

అడిగినా అక్కా. పని మానేసిన రోజు జేబులో వేసుకొని వచ్చేసినాడంట. దానికి కూలిలో పట్టుకున్నారంట గూడా. ఎంత పట్టుకున్నారో అవ్వకు గుర్తు లేదు, "శానా" అనింది.

రాత్రి షిఫ్టు

అంటే మీ తాత ఆ బిళ్ళ కొనుక్కున్నట్టే కదా తమ్ముడూ. ధర అప్పుడే కట్టేసినాడు.

బిళ్ళబంట్రోతు

పిల్లోడా, రెండు పక్కలా ఫోటో కావాలి. తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన స్కేలు, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. వెలుతురు ఏటవాలుగా పడేలా తిప్పు, అరిగిన అక్షరం అప్పుడే తేలుతుంది. ఓ నో సి నో చూద్దాం.

పలమనేరు పిల్లోడు

బిళ్ళ ఇప్పుడు నా దగ్గర లేదు సార్. మాట్లాడుతూ మాట్లాడుతూనే అవ్వ కొంగున ముడేసుకునింది. అడిగితే "పండక్కి రా, చూపిస్తా" అంటాది. పట్టాభిషేకం మాత్రం నువ్వే తీసుకో అని నాకిచ్చేసింది.